లావెండర్ మీద వాలే తోకల సీతాకోకచిలుక మన కంది చేలోనిదేనా?

ప్రశ్న:
మేము దక్షిణ ఫ్రాన్సులో మోంపెల్యేకు ఉత్తరాన, సున్నపురాతి గుట్టల అంచున ఉంటున్నాము. ఇక్కడివారు గరిగ్ అని పిలిచే ఈ పొదల నేలలో జూలై నాటికి గడ్డి మొత్తం ఎండిపోతుంది. అయినా పెరట్లోని లావెండర్ మీద, గడప పక్కన కుండీల్లోని జెరేనియం మీద గోధుమ చారల చిన్న సీతాకోకచిలుకలు వాలుతూనే ఉన్నాయి. వెనుక రెక్కకు వెంట్రుకంత తోక, దాని మొదట్లో నల్లని చుక్క కనిపిస్తున్నాయి. గుంటూరు జిల్లాలో మా కంది చేలో చిన్నప్పుడు అచ్చం ఇలాంటిదే చూశాను. రెండూ ఒకటేనా? రెండు ఫోటోలు జతచేశాను.

సమాధానం:
మీ అనుమానం సగం నిజమండీ. లావెండర్ కంకి మీద రెక్కలు మూసుకొని ఉన్నది లాంపిడెస్ బోయెటికస్. మన దేశంలో పీ బ్లూ అని, ఐరోపాలో లాంగ్ టెయిల్డ్ బ్లూ అని పిలిచేది ఈ జాతినే. దీనిని లినేయస్ 1767లో వర్ణించాడు. దీని పురుగు కంది, అలసంద మొగ్గల్లోకి, కాయల్లోకి తొలుచుకుపోతుంది కనుక మీరు చేలో చూసినది ఇదే అయి ఉండవచ్చు. వెనుక రెక్క అడుగువైపున, అంచుకు కాస్త లోపలగా, మిగిలిన సన్న చారలన్నింటికంటే వెడల్పైన తెల్లని పట్టీ ఒకటి చూడండి, గుర్తు అదే. ఆ పట్టీ లేకుండా అలల వంటి చారలు మాత్రమే ఉంటే అది లెప్టోటెస్ పిరిథస్ అనే దగ్గరి బంధువు. మన చిత్రమూలం మొక్క మీద పెరిగే జీబ్రా బ్లూ కూడా ఆ ప్రజాతిదే.

జెరేనియం మీద వాలినది పూర్తిగా వేరు. పై రెండింటికీ తోక దగ్గర రెండు చుక్కలుంటాయి, దీనికి ఒక్కటే. రెక్కల అంచు కుచ్చు తెలుపు, గోధుమ గళ్లుగా ఉంది. ఇది జెరేనియం బ్రాంజ్. దక్షిణాఫ్రికాకు చెందిన ఈ జాతి 1990 ప్రాంతంలో మయోర్కా దీవిలో కనిపించి, కుండీ మొక్కల రాకపోకలతో మధ్యధరా తీరమంతా పరుచుకుంది. దీని పురుగు జెరేనియం మొగ్గల్ని, కాడల్ని తొలుస్తుంది కనుక మీ మొక్క మొగ్గలకు చిన్న రంధ్రాలు ఉన్నాయేమో, కాడ చీల్చితే లోపల బోలుగా ఉందేమో పరిశీలించండి.

తోకను మాత్రం నమ్ముకోకండి. ఆ తోకా, చుక్కలూ దొంగ తల వంటివి. వాలినప్పుడు వెనుక రెక్కలను పైకీ కిందికీ రుద్దుతూ వాటిని మీసాల్లా కదిలిస్తుంది. పిట్ట లేదా బల్లి అక్కడే కొరుకుతుంది కాబట్టి ఆగస్టు నాటికి చాలా వాటికి తోక ఉండదు. అలాగే తేనె తాగిన పువ్వును బట్టి జాతిని నిర్ణయించడం పొరపాటు, ఎందుకంటే లావెండర్ దగ్గరకు అందరూ వస్తారు. గుడ్డు ఎక్కడ పెడుతున్నదో చూడండి. గరిగ్‌లో గాలి నింపిన సంచుల్లాంటి కాయలు కాసే కొలుటియా పొద ఉంటే, లాంపిడెస్ పురుగులు దాని కాయల్లోనే దొరుకుతాయి.

మరో ప్రశ్న:
ధన్యవాదాలు. మొగ్గలకు రంధ్రాలు నిజంగానే ఉన్నాయి. ఒక పసుపు రంగు సీతాకోకచిలుక కూడా వస్తోంది కానీ వాలిన తరువాత రెక్కలు తెరవడమే లేదు. దానిని ఎలా గుర్తించాలి?

సమాధానం:
అది క్లియోపాత్రా గాని, బ్రిమ్‌స్టోన్ గాని కావచ్చు. రెండూ రెక్కలు మూసే కూర్చుంటాయి, మూసినప్పుడు ఆకులాగే ఉంటాయి. మగ క్లియోపాత్రాకు ముందు రెక్క పైభాగంలో నారింజ రంగు విస్తారంగా పరుచుకొని ఉంటుంది. బ్రిమ్‌స్టోన్‌కు అక్కడ నారింజ చుక్క ఒక్కటే. ఆడవాటితో చిక్కు ఎక్కువ, ప్రస్తుతానికి వాటిని వదిలేయండి. ఎగిరే క్షణాన వరుసగా పది ఫోటోలు తీసి, ఎంత మసకగా ఉన్నా పంపండి; నారింజ రంగు ఒక్కదానిలో కనిపించినా చాలు.