అమెరికాలో నవాజో అనే ఆదివాసీ తెగకు నీళ్ళ పైపులైను ఖర్చంతా ప్రభుత్వమే పెట్టిందట, మరి మన ఊరి వాటా 10 శాతం ఏంది?

కనిగిరి కోడలు:
మాది కనిగిరి దగ్గర పల్లె. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. మా అత్తగారి మోకాళ్ళు వంగవు, మా ఆయన పళ్ళ మీద గార రుద్దినా పోదు. తాగడానికి క్యాన్ కొంటాం, మిగతావాటికి బోరే. జల్ జీవన్ కింద ఇంటింటికీ కుళాయి అంటున్నారు. నేను వార్డు మెంబర్‌ని, నీళ్ళ కమిటీలో పేరు రాశారు (సంతకాల కోసమే అనుకోండి). ఊరి వాటా 10 శాతం కట్టాలన్నారు. ఫీనిక్స్‌లో ఉండే మా తమ్ముడేమో, "అక్కడ నవాజో పల్లెలకి పైపులు వేస్తే జనం దగ్గర పైసా తీసుకోలేదక్కా" అంటాడు. నిజమేనా? అట్లయితే కూలికి పోయేవాళ్ళని మేమెట్లా అడిగేది?

పొదిలి టు న్యూమెక్సికో:
అక్కా, మీ తమ్ముడు చెప్పింది చాలావరకు నిజమే. దాన్ని నవాజో-గాలప్ స్కీమ్ అంటారు. 2009లో చట్టం చేశారు. శాన్ హువాన్ నది నీళ్ళు, దాదాపు 480 కిలోమీటర్ల పైపు, 43 నవాజో చాప్టర్లు, అంటే మన పంచాయతీల్లాంటివి. నవాజోల భాగం నిర్మాణ ఖర్చు ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. అదే లైను మీద ఉన్న గాలప్ పట్టణం మాత్రం తన భాగంలో 25 నుంచి 35 శాతం దాకా తిరిగి కట్టాలి.

అయితే అది దానం కాదు. నది నీళ్ళలో తమ హక్కు ఎంతో తేల్చుకుని, మిగతా క్లెయిములు వదులుకుని కుదుర్చుకున్న ఒప్పందంలో భాగం. ఒప్పందం లేని చోట ఏమవుతుందో 2023లో తెలిసింది. కొలరాడో నది నీళ్ళ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పు ఇస్తూ, నవాజోలతో చేసుకున్న 1868 ఒడంబడిక ప్రకారం నీళ్ళు తెచ్చిపెట్టే బాధ్యత ప్రభుత్వానికి లేదంది.

ఇంకోటి. పాత ప్రకాశం జిల్లాలు నాలుగు పట్టే నేల నవాజోలది, ఉండే జనం 2 లక్షలు కూడా లేరు. ఇంటికీ ఇంటికీ మధ్య మైళ్ళ దూరం. వందల కొద్దీ పాత యురేనియం గనులు వదిలేసి పోయారు, కొన్నిచోట్ల బావి నీళ్ళు తాగే వీల్లేదు. ఇప్పటికీ దాదాపు మూడో వంతు ఇళ్ళకి కుళాయి లేదు, పికప్ బండిలో డ్రమ్ములేసుకుని పోయి తెచ్చుకుంటారు. అందుకే మరీ కుళ్ళుకోకండి.

ఉదయగిరి సీనయ్య:
2009లో మొదలైంది ఇంకా కాలేదా? మన వెలిగొండ ప్రాజెక్టుకి చుట్టంలా ఉందే. దానికి 1996లో శంకుస్థాపన.

పొదిలి టు న్యూమెక్సికో:
పైపులైనులో ఒక పాయకి నీళ్ళు 2020లో వచ్చాయన్నా. పెద్ద పాయ గడువు 2024 నుంచి 2029కి జరిగింది. చట్టంలో రాసిన 87 కోట్ల డాలర్లు చాలక అంచనా 200 కోట్లు దాటింది.

రిటైర్డ్ ఏఈ, ఒంగోలు:
అమ్మా, ముందు మీ 10 శాతం సంగతి. అది స్కీమ్ మొత్తం మీద కాదు. ఊరి లోపల జరిగే పనుల ఖర్చు మీదే. బయట నుంచి వచ్చే మెయిన్ లైను, ఫిల్టర్లు లెక్కలోకి రావు. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించిన ఊళ్ళకి 5 శాతమే. డబ్బుగానే కట్టక్కర్లేదు, శ్రమగానో సామానుగానో ఇవ్వొచ్చు. మిగతాది కేంద్రం, రాష్ట్రం చెరి సగం. ఎవరైనా వచ్చి తల ఒక్కింటికి ఇంత అని వసూలు మొదలుపెడితే ఎస్టిమేట్ కాగితం చూపించమనండి.

నా భయం వాటా గురించి కాదు. పైపు వేయడానికి డబ్బు ఎక్కడో ఒకచోట పుడుతుంది. మోటారు కాలితే, కరెంటు బిల్లు పేరుకుంటే, ఫిట్టర్‌కి జీతం ఇవ్వాల్సొస్తే? సర్వీసంతా నేను చూసింది ఇదే. ట్యాంకుకి కొత్త రంగుంటుంది, లోపల నీళ్ళుండవు.

ఉదయగిరి సీనయ్య:
మా ఊళ్ళో అచ్చం అదే సార్. కుళాయికి మేకని కట్టేశారు.

పొదిలి టు న్యూమెక్సికో:
ఆ నవాజో చట్టంలో దీనికీ ఒక దారి పెట్టారు సార్. నిర్వహణ ఖర్చు వాళ్ళు మోయలేరని తేలితే 10 ఏళ్ళ వరకు మాఫీ చేయొచ్చు. ఆ తర్వాత వాళ్ళే కట్టుకోవాలి.

కనిగిరి కోడలు:
మాకు పదేళ్ళు కాదు, పది నెలలు మాఫీ చేసినా చాలు. సార్, కరెంటు బిల్లు పంచాయతీ ఎక్కడి నుంచి కట్టాలి? మా సర్పంచ్ డబ్బుల్లేవంటాడు.

రిటైర్డ్ ఏఈ, ఒంగోలు:
2021-26కి వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం టైడ్ నిధులు, అంటే చెప్పిన పనికే వాడాల్సినవి. అందులో సగం తాగునీటికే వాడాలి. నిర్వహణకీ వాడొచ్చు. ఆ పద్దు ఎంత వచ్చింది, దేనికి పోయింది అని గ్రామసభలో అడగండి. అది చాలకపోతే నెలకి ఇంటికి ఇంత అని కమిటీయే పెట్టుకోవచ్చు, పేద ఇళ్ళకి తగ్గించి. క్యాన్‌కి పెట్టేదానితో పోల్చి చెప్పండి, జనం వింటారు. ఇంకో మాట: స్కీమ్‌ని ఊరు తన చేతికి తీసుకునే ముందు చివరి వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి చూడండి. ఫ్లోరైడ్ టెస్టు కాగితం అడగండి, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

కనిగిరి కోడలు:
తీర్మానం రాయిస్తాను. కాపీ ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాలా, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) వాళ్ళకా?

రిటైర్డ్ ఏఈ, ఒంగోలు:
రెండు చోట్లా ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకోండి.