తాతగారి మోరిస్ మైనర్: బుష్షులు మార్చి మూడు నెలలు కాలేదు, మళ్ళీ టక టక

కొవ్వూరు గట్టు

అందరికీ నమస్కారం అండి. మాది కొవ్వూరు. మా ఇంట్లో 1955 మోరిస్ మైనర్ ఉంది. సిరీస్ 2, 803 సిసి ఇంజిన్. మా తాతగారు డాక్టరు, చుట్టుపక్కల ఊళ్ళకి ఈ కారులోనే వెళ్ళి వైద్యం చేసేవారు. 1974లో గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన వచ్చాక మా అమ్మమ్మని ఎక్కించుకుని మొదటిసారి రాజమండ్రి వెళ్ళింది కూడా ఇందులోనే. అమ్మమ్మకి ఇప్పుడు 88. ఈ కార్తీక మాసంలో ఇదే కారులో ద్వారకా తిరుమల తీసుకెళ్ళమని అడుగుతున్నారు. అందుకే ఇంత టెన్షన్.

వేసవిలో ముందు చక్రాల సస్పెన్షన్ బుష్షులు (కీళ్ళలో కుదుపు తీసుకునే రబ్బరు ముక్కలు) అన్నీ మార్పించాను. చక్రాన్ని పట్టే కింది ఆర్మ్‌ని చాసిస్‌కి కలిపే లోపలి ఐబోల్ట్ బుష్షులు, ఆ ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే టై బార్ రబ్బర్లు, రెండు వైపులా. అన్నీ కొత్త రబ్బరువే. నెల రోజులు బండి వెన్నలా వెళ్ళింది. తర్వాత స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ఎడమ వైపు 'టక్' మనడం మొదలైంది. ఇప్పటికి 900 కిలోమీటర్లు తిరిగింది. నిన్న కింద పడుకుని టార్చి వేసి చూస్తే ఎడమ ఐబోల్ట్ బుష్ అంచు చీలి, రబ్బరు బయటికి వచ్చి ఉంది. కుడిది కూడా పగుళ్ళు పట్టింది.

ఇంకో బాధ. బుష్షులు వేయించిన వెంటనే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళాను. వాళ్ళ కంప్యూటర్‌లో ఈ కారు లేదు. ఏదో చిన్న కారు లెక్క పెట్టి, తెర మీద పచ్చ రంగు వచ్చిందని పంపేశారు. ముందు టైర్లు రెండూ బయటి అంచున అరుగుతున్నాయి. 50 దాటితే స్టీరింగ్ ఒక చోట నిలవదు, ఊరికే సరిచేస్తూ ఉండాలి.

రబ్బరు నాసిరకమా, బిగించడంలో తప్పా? నైలాన్ బుష్ లేత్ మీద చేయించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. చేయించనా?

నెల్లూరు మైనర్

అండీ, బుష్షుల సంగతి తర్వాత. ముందు ట్రనియన్లు (చక్రం పక్కకి తిరిగే నిలువు పిన్ను మర ఎక్కి ఉండే కీళ్ళు) చూశారా? కింది ట్రనియన్ మర అరిగితే ఒకరోజు మలుపులో పిన్ను ఊడి చక్రం లోపలికి ముడుచుకుపోతుంది. నా బండికి ఇంటి గేటు ముందే అలా జరిగింది, పెద్ద రోడ్డు మీద కానందుకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. గ్రీజు ఎప్పుడు కొట్టించారు? పెద్దావిడని ఎక్కించే ముందు ఇది తేలాలి.

ఆటోనగర్ మాస్టారు

బాబూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్ళు పని చేశాను. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మైనర్లు, అంబాసిడర్లు, ఫియట్లు చాలా విప్పాను. మీరు రాసింది చదివితే నాకు తోచింది ఒక్కటే: బుష్షులు మంచివే అయి ఉంటాయి, బిగించిన పద్ధతి తప్పు.

రబ్బరు బుష్ బేరింగ్ లాంటిది కాదు. అది తిరగదు, మెలిపడుతుంది. నట్టు బిగించగానే లోపలి వైపు చాసిస్‌కి, బయటి వైపు ఆర్మ్‌కి అతుక్కున్నట్టు అయిపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడు మధ్యలో రబ్బరు అటూ ఇటూ మెలి తిరిగి మళ్ళీ మొదటి చోటికి వస్తుంది. ఆ మొదటి చోటు ఏదో నిర్ణయమయ్యేది మీరు నట్టు బిగించిన క్షణంలోనే. బండి స్టాండ్ల మీద ఉండి, చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగించేస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకి సొంత చోటు అవుతుంది. బండి నేల మీదికి దించగానే, ఒక్క అడుగు నడవకముందే, రబ్బరు పూర్తిగా మెలిపడి ఉంటుంది. ఇక గుంటలో పడ్డప్పుడల్లా ఇంకా మెలిపడుతుంది. మూడు నెలల్లో చీలడంలో ఆశ్చర్యం లేదు. మా షెడ్డులో కుర్రాళ్ళకి నేను మొదటి రోజే చెప్పే మాట ఇది: నట్టు చేత్తో పట్టే వరకే తిప్పు, బండి దించు, ముందు భాగాన్ని నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదులు, అప్పుడు కిందకి దూరి బిగించు. కింద చోటు చాలకపోతే నాలుగు చక్రాల కిందా గట్టి చెక్క దిమ్మలు పెట్టండి. బరువు మాత్రం చక్రాల మీదే ఉండాలి.

విప్పేటప్పుడు జాగ్రత్త. మైనర్‌కి కాయిల్ స్ప్రింగ్ లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. స్ప్రింగ్ బదులు మెలిపడే ఉక్కు కడ్డీ ఉంటుంది, అదే టార్షన్ బార్, దాంట్లో బలం అంతా దాగి ఉంటుంది. కింది ఆర్మ్‌కి జాకీ ఆనించి, పైన షాక్ అబ్జార్బర్ చేతికి ఉన్న జాయింట్ విప్పి, జాకీని చాలా నెమ్మదిగా దించాలి. ఆర్మ్ ఇక కిందికి దిగని చోట బార్‌లో మెలి పోయినట్టు. అప్పటిదాకా ముఖం, చెయ్యి దాని దారిలో పెట్టొద్దు. బ్రేకు గొట్టం సాగకుండా చూసుకోండి. బార్లు బయటికి తీస్తే ఎడమ, కుడి అని రంగు పూయండి. ఒక వైపు మెలికకి అలవాటు పడ్డ బార్ రెండో వైపుకి పనికిరాదు. దాని మీద సుత్తి దెబ్బ, ఆకురాయి గీత పడకూడదు. గీత పడ్డ చోటే ఏనాటికైనా విరుగుతుంది.

నైలాన్ వద్దు బాబూ. మన రోడ్ల దెబ్బ మొత్తం తిన్నగా చాసిస్‌కి కొడుతుంది. 70 ఏళ్ళ రేకు అది.

నెల్లూరు ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ట్రనియన్ కొత్తది వేస్తే ఎడమ, కుడి మరలు వేరని గుర్తుంచుకోండి. గ్రీజు బండిని ఎత్తి, చక్రం వేలాడుతుండగా కొట్టాలి, అప్పుడే మర లోపలికి బాగా చేరుతుంది.

ఇక అలైన్‌మెంట్. ఈ బండికి క్యాంబర్, క్యాస్టర్ తిప్పే మరలు లేవు. క్యాంబర్ 1 డిగ్రీ, అంటే చక్రం పై అంచు కాస్త బయటికి ఉంటుంది, దాన్ని చూసి బండి వంగిందని భయపడొద్దు. క్యాస్టర్, అంటే చక్రం తిరిగే పిన్ను పై భాగం వెనక్కి వాలిన కోణం, 3 డిగ్రీలు. బుష్షులు, టై బార్ రబ్బర్లు, బండి ఎత్తు సరిగా ఉంటే ఇవి వాటంతట అవే వస్తాయి. టై బార్ రబ్బరు పోతే బ్రేకు వేసినప్పుడు ఆ చక్రం వెనక్కి జరిగి బండి ఒక వైపుకి లాగుతుంది, అదీ చూసుకోండి. మన చేతిలో ఉన్నది టో ఇన్ ఒక్కటే: 3/32 అంగుళం, అంటే 2.4 మిల్లీమీటర్లు. చక్రాల ముందు అంచుల మధ్య దూరం వెనక అంచుల కంటే అంత తక్కువ ఉండాలి.

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. చదునైన గచ్చు కావాలి. ఒక తిన్నని కర్ర తీసుకుని, దాని మీద చక్రం ఇరుసు ఎత్తుకి వచ్చేలా రెండు నిలువు పుల్లలు బిగించండి, ఒకటి జరిగేలా ఉండాలి. బండిని నాలుగు అడుగులు ముందుకి తోసి ఆపండి, వెనక్కి తోయొద్దు. రెండు ముందు టైర్ల వెనక వైపు ఇరుసు ఎత్తులో సుద్దముక్కతో గుర్తు పెట్టి, కర్రతో దూరం కొలవండి. మళ్ళీ ముందుకే తోయండి, ఆ గుర్తులు సగం చుట్టు తిరిగి ముందు వైపు అదే ఎత్తుకి వచ్చేదాకా. ఇప్పుడు కొలవండి. అవే గుర్తులు కాబట్టి రిమ్ము కాస్త వంకరగా ఉన్నా లెక్క తప్పదు. సరిచేసేటప్పుడు స్టీరింగ్ నుంచి చక్రాలకి వెళ్ళే రెండు టై రాడ్లూ సమానంగా తిప్పాలి. ఒకటే తిప్పితే స్టీరింగ్ చక్రం పక్కకి తిరిగి కూర్చుంటుంది.

టైరు మీద అరచెయ్యి బయటి నుంచి లోపలికి జరపండి, తర్వాత లోపలి నుంచి బయటికి. మొదటిది నున్నగా, రెండోది గీసుకున్నట్టు ఉంటే టో ఇన్ ఎక్కువైంది.

బర్మింగ్‌హామ్ తెలుగు

మాస్టారు గారికి నమస్కారం. ఇక్కడ మైనర్లు ఇప్పటికీ రోడ్ల మీద బాగానే కనిపిస్తాయి, విడి భాగాలు దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి. నా 1961 బండికి ఐబోల్ట్ దగ్గర పాలీయురిథేన్ వేశాను. అది రబ్బరులా అతుక్కోదు, గ్రీజు మీద తిరుగుతుంది, కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. కానీ రోడ్డు చప్పుడు కాస్త పెరిగింది. అమ్మమ్మగారి ప్రయాణానికైతే నేను రబ్బరే వేస్తాను. డిసెంబరులో వస్తున్నాను, కానీ కార్తీకం దాటిపోతుంది కదా, రబ్బరు బుష్షులు పార్సిల్‌లో పంపిస్తానండీ.

కొవ్వూరు గట్టు

మాస్టారు గారూ, ఆదివారం అంతా కారు కిందే గడిపాను. మా తమ్ముడు జాకీ దగ్గర, నేను పానాతో. మీరు చెప్పింది కళ్ళారా చూశాను. ఎడమ వైపు పెద్ద నట్టు వదులు చేయగానే, బండి బరువు చక్రాల మీద ఉండగానే, బుష్ దానంతట అది 'కిర్' మని వెనక్కి తిరిగింది. మూడు నెలలుగా అంత మెలిక మోసింది పాపం.

నెల్లూరు అన్నయ్యా, మీకు చాలా రుణపడి ఉన్నాను. కుడి ట్రనియన్ బాగానే ఉంది. ఎడమది ఊపితే చేతికే తెలుస్తోంది. బండి అక్కడే ఆపేశాను. బర్మింగ్‌హామ్ అన్నయ్య బుష్షులతో పాటు ఎడమ ట్రనియన్, పిన్ను కూడా పంపుతున్నారు.

కర్ర కూడా చేశాను. మా వడ్రంగి పాత కిటికీ చట్రం ముక్కతో చేసిచ్చాడు. బుష్షులు పాతవే ఉన్నా ఉత్తినే కొలిచి చూశాను: టో ఇన్ 7 మిల్లీమీటర్లు ఉంది. చెయ్యి జరిపితే మీరు చెప్పినట్టే లోపలి నుంచి బయటికి గీసుకుంది.

ఒక్క సందేహం మిగిలింది. కొలిచేటప్పుడు డ్రైవరు సీట్లో మనిషి బరువు ఉండాలా? ఉంటే ఎంత? మా అమ్మమ్మ ఎప్పుడూ వెనక ఎడమ వైపే కూర్చుంటారు.

ఆటోనగర్ మాస్టారు

ఖాళీ బండితోనే కొలవండి. మీ దగ్గర ఉన్న 2.4 లెక్క ఖాళీ బండిదే. ట్రనియన్ బిగించాక 100 కిలోమీటర్లు మీరు ఒక్కరే తిప్పి, మళ్ళీ కర్ర పెట్టి కొలిచి ఇక్కడ రాయండి. అది చూశాకే అమ్మమ్మగారిని ఎక్కించండి.