బ్యాండ్ పోటీ రోజు వాలంటీర్ పని: హెచ్-4 వీసా, కన్సెషన్ స్టాండు, ఫీజు తగ్గింపు సందేహాలు

మెలోఫోన్ అమ్మ (డాలస్ శివారు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాదే హైస్కూల్లో చేరాడు. మార్చింగ్ బ్యాండులో మెలోఫోన్ (ఊదే ఇత్తడి వాద్యం) వాయిస్తున్నాడు. అక్టోబరులో ఒక శనివారం వాళ్ల స్టేడియంలోనే చుట్టుపక్కల స్కూళ్ల బ్యాండ్లకు పోటీ పెడుతున్నారు. టికెట్ల మీద, తినుబండారాల మీద వచ్చే డబ్బు బ్యాండ్ ఖర్చులకు వెళ్తుందట. ప్రతి కుటుంబం నుంచి ఒకరైనా పనికి రావాలని, బ్యాండుకు నిధులు పోగుచేసే తల్లిదండ్రుల సంఘం (బూస్టర్ క్లబ్బు) ఈమెయిల్ పంపింది. వెళ్లాలనే ఉంది కానీ కొన్ని సంగతులు వెనక్కి లాగుతున్నాయి.

నాది హెచ్-4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసా), ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) లేదు. జీతం లేని పనైనా వీసాకు ఇబ్బంది అవుతుందా? అదే ఈమెయిల్లో ఇంకో మాట ఉంది. నగరంలోని పెద్ద స్టేడియంలో ఫుట్‌బాల్ ఆటలప్పుడు తినుబండారాల కౌంటర్లో పనిచేస్తే, ఆ గంటలకు ఇంత అని లెక్కకట్టి పిల్లవాడి బ్యాండ్ ఫీజులోంచి తగ్గిస్తారట. ఫీజు మాకు భారంగానే ఉంది, కాబట్టి ఆ మాట మీదికి మనసు పోతోంది.

మేము శాకాహారులం. హాట్‌డాగ్‌లు, గొడ్డు మాంసం చిల్లీ ముట్టుకోవలసి వస్తుందేమో. జనం వరుస కట్టి నిలబడితే నా ఇంగ్లిష్ తడబడుతుందేమో. వీటన్నిటికీ తోడు మా అత్తగారు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. తానూ వస్తానని, రెండు వందల సమోసాలు చేసి ఇస్తానని పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

ట్రంపెట్ నాన్న

వీసా సంగతి ముందు చెబుతాను. లాభాపేక్ష లేని సంస్థకు, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని, ఎలాంటి ప్రతిఫలం లేకుండా చేస్తే దాన్ని ఉద్యోగంగా చూడరు. స్కూలు పోటీలో టికెట్లు చింపడం, నీళ్ల సీసాలు అందించడం ఆ కోవలోవే. మన వాళ్లలో హెచ్-4 అమ్మలు ఎంతోమంది ఈ పనులు చేస్తున్నారు.

మీరు రాసిన రెండో పని వేరు. పెద్ద స్టేడియంలో కౌంటర్లు నడిపేది వ్యాపార సంస్థ. అక్కడ మీ పక్క కౌంటర్లో అదే పనికి జీతం తీసుకునేవాళ్లు ఉంటారు. పైగా మీ గంటలకు బదులుగా మీ ఇంటికి డబ్బు మిగులుతోంది. చేతికి చెక్కు రాకపోయినా అది ప్రతిఫలమే అనడానికి ఆస్కారం ఉంది. రేపు గ్రీన్ కార్డు దరఖాస్తులో అనుమతి లేకుండా పనిచేశారా అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు రాసేటప్పుడు మీ మనసులో సందేహం ఉండకూడదు. నేనైతే ఆ పనికి పేరు ఇవ్వను. తప్పదనుకుంటే మీ వారి కంపెనీ ఇమిగ్రేషన్ లాయరును ముందు అడగండి.

ట్యూబా తాతయ్య

ఇంత భయం అవసరమా? మా స్కూల్లో ఏళ్ల తరబడి అందరూ చేస్తున్నదే. ఎవరు వచ్చి అడుగుతారు?

బూస్టర్ క్లబ్బు మాజీ కోశాధికారి

తాతయ్య గారూ, వీసా సంగతి పక్కన పెట్టినా పన్ను వైపు నుంచి అది క్లబ్బుకే చేటు. బూస్టర్ క్లబ్బులు చాలావరకు అమెరికా పన్ను చట్టం 501(సి)(3) సెక్షన్ కింద పన్ను మినహాయింపు పొందిన సంస్థలు. అలాంటి సంస్థ ఆదాయం అందరు పిల్లలకూ పనికిరావాలి. పని చేసినవాళ్ల పిల్లల ఖాతాలోకే జమ చేస్తే అది ప్రైవేటు లాభం అవుతుంది. 2013లో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్బు కేసులో అమెరికా పన్ను న్యాయస్థానం ఈ సంగతే తేల్చింది. నిధులు పోగుచేసిన తల్లిదండ్రుల పేర జమకట్టి, వాళ్ల పిల్లల రుసుముల్లో తగ్గించినందుకు ఆ క్లబ్బు మినహాయింపు కోల్పోయింది. అది జిమ్నాస్టిక్స్ క్లబ్బే అయినా సూత్రం బ్యాండుకూ వర్తిస్తుంది. ఇది తెలిశాక కూడా పాత పద్ధతి వదలని క్లబ్బులు చాలానే ఉన్నాయి. ఎవరూ అడగలేదంటే అది సరైనదని అర్థం కాదు.

అమ్మా, ఫీజు భారమైతే దానికి నేరుగా దారి ఉంది. బ్యాండ్ డైరెక్టరుకో, కోశాధికారికో విడిగా ఈమెయిల్ రాయండి. వాయిదాల్లో కట్టే వీలు దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. చాలా క్లబ్బులు అవసరాన్ని బట్టి ఇచ్చే ఆర్థిక సహాయం కోసం కొంత నిధి పక్కన పెడతాయి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారన్న దానితో నిమిత్తం లేకుండా అవసరాన్ని చూసి ఇస్తే ఏ చిక్కూ లేదు. అడగడానికి మన వాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటంతోనే స్టేడియంలో అర్ధరాత్రి దాకా నిలబడటానికి సిద్ధపడతారు. ఒక్క ఈమెయిల్‌తో పోయేదానికి అంత కష్టం ఎందుకు?

ఇంకొకటి. మీ వారి కంపెనీలో వాలంటీర్ గంటలకు విరాళం ఇచ్చే పథకం ఉందేమో కనుక్కోమనండి. ఉద్యోగి పనిచేసిన గంటలకు లెక్కకట్టి కంపెనీ సంస్థకు నేరుగా డబ్బు పంపుతుంది. ఆ రోజు ఆయన కూడా పార్కింగ్ దగ్గర నిలబడితే క్లబ్బుకు రెండు విధాల లాభం. ఆ డబ్బు అందరిదీ, మీ అబ్బాయి ఒక్కడిదీ కాదు. మీ సమయానికి పన్నులో మినహాయింపేమీ రాదు. కారు ఖర్చుకు మైలుకు 14 సెంట్లు చూపించుకోవచ్చు గానీ, చాలామందికి ఆ లెక్క రాసే శ్రమ కూడా గిట్టదు.

పిట్ అమ్మ

మా అమ్మాయి ఫ్రంట్ ఎన్‌సెంబుల్‌లో (మైదానం ముందు ఒకచోట నిలబడి వాయించే జట్టు, దాన్నే పిట్ అంటారు) మరింబా అనే పెద్ద వాద్యం వాయిస్తుంది. పోటీ రోజు ఎలా నడుస్తుందో నేను చెబుతాను. అది తెలిస్తే మీ భయాలు సగం పోతాయి.

ఒక్కో బ్యాండు ప్రదర్శన ఏడెనిమిది నిమిషాలు. టెక్సస్‌లో స్కూలు పోటీలు నడిపే యూఐఎల్ సంస్థ నిబంధన అయితే 5 నిమిషాలకు తగ్గకూడదు, 8 దాటకూడదు. మైదానంలోకి రావడం, సామాన్లు దించడం, తీసేయడం కలుపుకుని దాదాపు పావుగంటకో బ్యాండు వస్తుంది. ప్రదర్శన నడుస్తున్నప్పుడు మెట్ల మీద ఎవరూ కదలకూడదు, గేటు దగ్గర ఆపేస్తారు. అందువల్ల కన్సెషన్ స్టాండు (తినుబండారాల కౌంటరు) దగ్గర జనం అలలుగా వస్తారు. ఒక బ్యాండు ముగియగానే దాని తాలూకు తల్లిదండ్రులు ఒక్కసారి దిగుతారు, మళ్లీ ఖాళీ. న్యాయనిర్ణేతల విరామం వచ్చినప్పుడు మాత్రం ఊపిరాడదు. ఆ విరామం ఎప్పుడో ముందే కాగితం మీద ఉంటుంది. దానికి పది నిమిషాల ముందే నాచోల చీజు వేడిగా ఉందా, పాప్‌కార్న్ సంచులు నింపి ఉన్నాయా, ఒక డాలరు, అయిదు డాలర్ల నోట్లు చాలినన్ని ఉన్నాయా చూసుకున్న స్టాండు గట్టెక్కుతుంది.

శాకాహారం గురించి మొహమాటపడకండి. పేరు నమోదు చేసేటప్పుడే "మాంసం ముట్టుకోను, నగదు దగ్గరో పానీయాల దగ్గరో ఉంటాను" అని రాయండి. యూదులు, ముస్లింలు, ఏదో ఒక అలర్జీ ఉన్నవాళ్లు కూడా ఇలాగే అడుగుతారు, ఎవరూ వింతగా చూడరు. ఫ్రిటో పై అనేది మొక్కజొన్న చిప్స్ మీద చిల్లీ పోసి ఇచ్చేది, అందులో గొడ్డు మాంసం ఉంటుంది. ఆ బల్లకు దూరంగా ఉంటే చాలు. కూజాలోంచి ఊరిన కీరదోసకాయ (పికిల్) పటకారుతో తీసి ఇచ్చే పని ఉంటుంది, దానికి మీరు సరిపోతారు. ఆవకాయ తిన్న నోటికి అది ఊరగాయ అనిపించదు గానీ పిల్లలు ఎగబడి కొంటారు.

ఇంగ్లిష్ సంగతికి వస్తే, కౌంటర్లో నడిచే మాటలు పది పన్నెండు. ధరల పట్టిక ముందు రోజే ఫోనులో ఫొటోగా తెప్పించుకోండి. వాళ్లు చెప్పింది మీరు తిరిగి చెప్పండి, మొత్తం చెప్పండి, కార్డు పెట్టమనండి. వినపడకపోతే మళ్లీ అడగండి. డ్రమ్ముల మోతలో అమెరికా వాళ్లకే ఒకరి మాట ఒకరికి వినపడదు.

సమోసాలు మాత్రం వద్దు. స్టాండులో అమ్మే ఆహారానికి ఆరోగ్య శాఖ అనుమతి ఉంటుంది, ఇంట్లో వండినవి అందులోకి సాధారణంగా రానివ్వరు. వేడి పదార్థం 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకూడదు, చల్లనిది 41 దాటకూడదు. తినడానికి సిద్ధంగా ఉన్నదాన్ని ఉత్త చేతితో తాకకూడదు. కొన్ని కౌంటీల్లో ఫుడ్ హ్యాండ్లర్ కార్డు అడుగుతారు. అది ఆన్‌లైన్లో ఒకటి రెండు గంటల పాఠం, ఖర్చు తక్కువే. అయితే వాలంటీర్ల భోజనాల గది వేరుగా ఉంటుంది. అక్కడ అమ్మకం ఉండదు కాబట్టి కొన్ని స్కూళ్లు ఇంటి వంట ఒప్పుకుంటాయి. అడిగి చూడండి. ఒప్పుకుంటే రెండు వందలు కాదు, నలభై చాలని అత్తగారికి నచ్చజెప్పండి. ఆవిడ చేత పని మాత్రం చేయించకండి. విజిటర్ వీసాకు అది అనవసరమైన తలనొప్పి, పైగా స్కూలు డిస్ట్రిక్టు నేపథ్య తనిఖీ ఇక్కడి గుర్తింపు కార్డు లేనివాళ్లకు కుదరడం కష్టం. టికెట్ కొని మెట్ల మీద కూర్చోబెట్టండి, మనవడి బ్యాండు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టేవాళ్లూ కావాలి కదా.

మెలోఫోన్ అమ్మ

అందరికీ ధన్యవాదాలు. కోశాధికారి గారూ, మీరు చెప్పినట్టే డైరెక్టరుకు రాశాను. వాయిదాలకు వెంటనే ఒప్పుకున్నారు, సహాయ నిధికి దరఖాస్తు కూడా పంపారు. పెద్ద స్టేడియం పనికి పేరు ఇవ్వడం లేదు. ఇక మా స్కూలు పోటీలో సైన్ అప్ జీనియస్ (వాలంటీర్లు పేర్లు నమోదు చేసుకునే వెబ్‌సైటు) పట్టికలో ఖాళీగా ఉన్నవి మూడే: టికెట్ గేటు ఉదయం షిఫ్టు, కన్సెషన్ నగదు సాయంత్రం, పిట్ సహాయకులు. ఏది మేలు? సాయంత్రం మా ఊరి తెలుగు సంఘం బతుకమ్మ కూడా అదే రోజు.

పిట్ అమ్మ

పిట్ సహాయం మొదటి ఏడాది వద్దు. మరింబాలు, వైబ్రఫోన్లు, స్పీకర్ల బండ్లు మైదానంలోకి తోసి, బ్యాండుకిచ్చిన సమయం దాటకుండా బయటికి లాగాలి. దానికి వాళ్లతో ముందే సాధన చేసి ఉండాలి. టికెట్ గేటు ఉదయం తీసుకోండి. మాంసం లేదు, పెద్దగా మాటలు లేవు, బతుకమ్మకూ అందుకుంటారు. బతుకమ్మ, దసరా, ఒక్కోసారి దీపావళి కూడా ఈ పోటీల కాలంలోనే పడతాయి. ఆగస్టులో క్యాలెండరు రాగానే పండుగ శనివారాలు గుర్తు పెట్టుకుని ఉదయం షిఫ్టులు ముందే పట్టుకోవాలి.

కాలివేళ్లు కప్పి ఉండే బూట్లు వేసుకోండి. చాలా స్టేడియాల్లో పారదర్శకమైన సంచినే లోపలికి రానిస్తారు, మామూలు హ్యాండ్‌బ్యాగు కారులో వదిలేయండి. కృత్రిమ గడ్డి మీదికి వెళ్లవలసి వస్తే నీళ్లు తప్ప మరే పానీయం, చూయింగ్ గమ్ తీసుకెళ్లకండి.

బూస్టర్ క్లబ్బు మాజీ కోశాధికారి

గేటు దగ్గర కూడా డబ్బు ఉంటుంది కాబట్టి ఒక మాట. పెట్టె మీకు అప్పగించేటప్పుడు అందులో ఎంత ఉందో ఇద్దరూ కలిసి లెక్కపెట్టి కాగితం మీద సంతకాలు చేయండి. షిఫ్టు మారేటప్పుడూ అంతే. ఒంటరిగా లెక్కపెట్టకండి, ఎంత తెలిసినవాళ్లు అడిగినా పెట్టె చేతికి ఇచ్చి పక్కకు వెళ్లకండి. మీ మీద నమ్మకం లేక కాదు, తరువాత ఇరవై డాలర్లు తేడా వస్తే మీ పేరు బయటికి రాకుండా ఉండటానికి.

మెలోఫోన్ అమ్మ

గేటు షిఫ్టుకు పేరు ఇచ్చేశాను. ఆఖరి ప్రశ్న. డిస్ట్రిక్టు నేపథ్య తనిఖీ ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు గడి ఉంది. హెచ్-4 కాబట్టి నాకు ఆ నంబరు లేదు. ఖాళీగా వదిలేయవచ్చా?

ట్రంపెట్ నాన్న

మా డిస్ట్రిక్టులో ఆ గడి తప్పనిసరి కాదు, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే సరిపోయింది. మీ దగ్గర ఫారం ఒప్పుకోకపోతే స్కూలు ఆఫీసులో వాలంటీర్ల పని చూసేవారికి ఫోను చేయండి, పాస్‌పోర్టు చూపించి చేయించుకునే వీలు ఉందేమో అడగండి. ఉత్తుత్తి అంకెలు మాత్రం వేయకండి. తనిఖీ పూర్తవడానికి రోజులు పట్టవచ్చు, చాలాచోట్ల ఏటా మళ్లీ చేయించుకోవాలి. ఈ వారమే పంపేయండి.