సీవీ బూట్ మార్చాలి, జాయింట్ ఊడి రావడం లేదు, దారి చెప్పండి

బురదబండి:
పొద్దుటి నుంచి దీనితోనే కుస్తీ. ఏటీవీ (బురదలో, గతుకుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) సీవీ బూట్, అదే యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు, చిరిగింది. యాక్సిల్ బయటికి తీసి వైస్‌లో బిగించాను. పాత క్లాంపులు కోసేసి బూట్ వెనక్కి తోశాను. కొత్త బూట్, క్లాంపులు, గ్రీజు ప్యాకెట్ అన్నీ పక్కనే ఉన్నాయి. జాయింట్ మాత్రం షాఫ్ట్ మీద నుంచి రావడం లేదు. వీడియోల్లో రెండు దెబ్బలకే ఊడిపోతోంది, నాకు ఎంత కొట్టినా కదలదు. దీని లాక్ ఎక్కడుంటుంది? చిరాకు వచ్చేస్తోంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతరెంచి:
ఏ బండి? ముందు యాక్సిలా, వెనకదా? చక్రం వైపు జాయింటా, డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) వైపుదా? కొట్టడం ఆపండి.

నిదానం:
అసలు ఎందుకు చిరిగిందో ముందు చూడండి బ్రదర్, లేకపోతే కొత్తదీ ఇలాగే పోతుంది. పాత బూట్ పారేయకండి. మడతలు విప్పి చూడండి. చీలిక మడత అడుగున చుట్టూ తిరిగి ఉంటే రబ్బరు ముదిరిపోయి ఉండాలి, లేదా జాయింట్ ఎప్పుడూ ఎక్కువ వంపులో తిరుగుతూ మడతలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉండాలి. అడ్డంగా ఒకే కోత ఉంటే పుల్లో, తీగో గుచ్చుకుంది. లిఫ్ట్ కిట్ వేయించారా? బండి ఎత్తు పెరిగితే యాక్సిల్ వంపు కూడా పెరుగుతుంది. ఇంకో మాట, ప్రెషర్ వాషర్‌ను బూట్ అంచు దగ్గర పెట్టి కొట్టకండి. రబ్బరు చిరగకపోయినా క్లాంపు కింద నుంచి నీళ్ళు లోపలికి పోతాయి. అలాగని బురద వదిలేయకూడదు, మడతల్లో ఎండిన మట్టి రబ్బరును గీకుతూనే ఉంటుంది. మామూలు పైపుతో నిదానంగా కడగాలి. కింది సస్పెన్షన్ ఆర్మ్‌కి బూట్ గార్డులు కూడా పెట్టించుకోండి.

బురదబండి:
ముందు కుడివైపుది. లోపలి జాయింట్. లిఫ్ట్ కిట్ ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు ఇది ఊడాలి.

గ్రీజుచేతులు:
లోపలిదైతే తేలికే. చాలా వాటికి కప్పు (జాయింట్ బయటి గిన్నె) అంచున, లోపలి గాడిలో గుండ్రటి తీగ రింగు ఉంటుంది. గ్రీజు తుడిస్తే కనిపిస్తుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని లేపితే షాఫ్ట్‌తో పాటు కేజ్ (బాల్స్‌ను పట్టి ఉంచే చట్రం), బాల్స్ అన్నీ కప్పులోంచి జారి వస్తాయి. షాఫ్ట్ చివర సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) ఉంటుంది, దాన్ని ప్లయర్‌తో తీయాలి.

బురదబండి:
రింగు లేదు, గాడీ లేదు. శుభ్రంగా తుడిచే చూశాను. లోపల బాల్స్ మాత్రం కనిపిస్తున్నాయి.

పాతరెంచి:
కప్పు పట్టుకుని షాఫ్ట్‌ను ముందుకీ వెనక్కీ లాగండి. జారుతోందా?

బురదబండి:
లేదు. పక్కలకి మాత్రం బాగా వంగుతోంది. కప్పు అవతల మర ఉంది, యాక్సిల్ నట్ దానికే ఉండేది.

పాతరెంచి:
అది బయటి జాయింట్.

బురదబండి:
చక్రానికి లోపలి పక్క ఉంటుంది కదా అన్నా, దాన్ని బయటిది అని ఎలా అంటారు?

గ్రీజుచేతులు:
బండి మధ్య నుంచి లెక్క తమ్ముడూ. డిఫరెన్షియల్ వైపుది లోపలిది, చక్రం వైపుది బయటిది. బూట్ కిట్లు కూడా ఆ లెక్కనే అమ్ముతారు, మీరు కొన్నది దేనికో ఒకసారి చూసుకోండి. రెండింటి కొలతలూ వేరు.

నిదానం:
ఈ గొడవ ఉండకూడదంటే చక్రం జాయింట్, డిఫ్ జాయింట్ అనడమే మేలు.

పాతరెంచి:
మాన్యువల్‌లో ఉన్న పేర్లే వాడాలి. పార్ట్ నంబర్ ఆ పేరు మీదే దొరుకుతుంది.

గ్రీజుచేతులు:
సరే, పనిలోకి వద్దాం. బయటి జాయింట్‌లో లాక్ పైకి కనిపించదు. షాఫ్ట్ కొసన స్ప్లైన్స్ (షాఫ్ట్ మీది పొడవాటి పళ్ళు) మధ్య చిన్న గాడిలో సర్‌క్లిప్ ఉంటుంది, అది ఇన్నర్ రేస్ (షాఫ్ట్ మీద కూర్చునే, బాల్స్ గాడులున్న లోపలి ముక్క) వెనక దాక్కుంటుంది. వైస్ దవడలకు చెక్క ముక్కలు పెట్టి షాఫ్ట్‌ను గట్టిగా బిగించండి. జాయింట్‌ను వంచితే బాల్స్ మధ్యలో ఇన్నర్ రేస్ అంచు కనిపిస్తుంది. దాని మీద ఇత్తడి కడ్డీ ఆనించి ఒక్క గట్టి దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు వద్దు, వాటికి క్లిప్ ముడుచుకోదు. కేజ్ మీద అసలు కొట్టకండి, అది పగిలితే జాయింటే మార్చాలి.

ఇనుపపెట్టె:
ఆగండి, అన్ని బండ్లకూ ఇది పనికిరాదు. కొన్ని మోడళ్ళలో బయటి జాయింట్ షాఫ్ట్ నుంచి విడదీయడానికి ఉండదు. వాటికి లోపలి జాయింట్ విప్పి, దాని బూట్ తీసి, బయటి బూట్‌ను అటు వైపు నుంచే ఎక్కించాలి. అలాంటి దాన్ని కొడుతూ పోతే బాల్స్ గాడుల్లో గాట్లు పడతాయి. అందుకే ఏ బండో చెప్పమని అడుగుతున్నారు.

పాతరెంచి:
మొదట్లోనే అడిగాను.

గ్రీజుచేతులు:
నిజమే, మాన్యువల్ చూశాకే కొట్టండి. ఊడితే పాత గ్రీజు వేళ్ళ మధ్య నలిపి చూడండి. ఇసుకలా గరగరలాడినా, నీళ్ళు కలిసి పాలిపోయినా పైపైన కొత్త గ్రీజు పెట్టి మూయకండి. బాల్స్ విడదీసి కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఏ బాల్ ఏ గాడిలోదో, రేస్ ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. గాడిలో గోరు తట్టుకుంటుంటే కొత్త బూట్ వేసినా మలుపుల్లో టక్ టక్ పోదు.

నిదానం:
కిరోసిన్ కంటే బ్రేక్ క్లీనర్ మంచిది, జిడ్డు మిగలదు. రబ్బరు మీద మాత్రం పడనివ్వకండి.

ఇనుపపెట్టె:
గ్రీజు మాత్రం మోలిబ్డినం డైసల్ఫైడ్ ఉన్న సీవీ గ్రీజే వాడండి. ప్యాకెట్‌లోది మొత్తం పెట్టండి, బాల్స్ మధ్యకి వేలితో నొక్కి ఎక్కించాలి. సర్‌క్లిప్ కొత్తది వేయండి. చిన్న క్లాంపు బిగించే ముందు షాఫ్ట్‌ను సరైన పొడవులో పెట్టి, బూట్ అంచు కింద మొద్దు పుల్ల దూర్చి గాలి వదలండి. గాలి ఇరుక్కుంటే బూట్ ఉబ్బుతుంది, లేదా లోపలికి పీల్చుకుపోయి మడతలు నలుగుతాయి. స్క్రూ ఉండే హోస్ క్లాంపు వాడకండి, తిరిగేటప్పుడు దాని తల పక్కవాటికి తగులుతుంది.

నిదానం:
గార్డుల మాట మర్చిపోకండి.

పాతరెంచి:
గార్డులో బురద నిండితే అదే బూట్‌ను రాస్తుంది.

నిదానం:
పుల్ల గుచ్చుకోవడం కంటే అది నయం. బండి కడిగినప్పుడల్లా గార్డు వెనక కూడా కడగాలి, అంతే. లిఫ్ట్ ఉన్న బండికి నేనైతే గార్డు లేకుండా తిరగమని చెప్పను.

బురదబండి:
ఊడింది, థాంక్స్ అందరికీ. క్లిప్ వంగిపోయింది, కొత్తది వచ్చాక బిగిస్తాను.

పాతరెంచి:
ఏ బండి?