నిరాశ్రయుల నివాసాలకు విరాళం: భవనానికి ఇవ్వాలా, నిర్వహణకు ఇవ్వాలా?

ప్రశ్న (సెరిటోస్, కాలిఫోర్నియా నుంచి)

లాస్ ఏంజెలస్ కౌంటీలో స్థిరపడిన పన్నెండు తెలుగు కుటుంబాల వాళ్లం ఏటా దీపావళికి కొంత సొమ్ము పోగుచేసి ఏదో ఒక సేవాసంస్థకు ఇస్తూ ఉంటాం. ఇన్నాళ్లూ నగరం నడిబొడ్డున నిరాశ్రయులు ఎక్కువగా ఉండే స్కిడ్ రో వీధుల్లో భోజనం పొట్లాలు, దుప్పట్లు పంచాం. పోయినేడు దుప్పటి ఇచ్చిన పెద్దాయనకే ఈ ఏడు కూడా అదే గోడ పక్కన దుప్పటి ఇవ్వవలసి వచ్చినప్పటి నుంచి ఈ పద్ధతి మీద మాలో కొందరికి అనుమానం పట్టుకుంది. ఈసారి మా కంపెనీలు జతచేసే మ్యాచింగ్ సొమ్ముతో కలిపి 40 వేల డాలర్ల దాకా వచ్చాయి. దీన్ని సపోర్టివ్ హౌసింగ్‌కు, అంటే శాశ్వతమైన అద్దె ఇంటితోపాటు వైద్యం, కౌన్సెలింగ్ వంటి ఆసరాను కూడా అందించే ఏర్పాటుకు ఇద్దామని నా ప్రతిపాదన. అయితే 2016లో నగర ఓటర్లు ఇందుకోసమే 120 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారనీ, ఆ పథకం కింద ఒక్కో యూనిట్‌కు, అంటే ఒక్కో ఇంటికి, సుమారు 6 లక్షల డాలర్లు అయ్యాయనీ, మన సొమ్ము ఏనుగు దాహానికి చూరునీళ్లేననీ మిత్రులు అంటున్నారు. ఇంకొకరు గుమ్మం దగ్గర మన సంఘం పేరుతో ఫలకం పెట్టే సంస్థకే ఇద్దామంటున్నారు. ప్రభుత్వమే ఇంత ఖర్చు పెడుతున్న చోట దాతల సొమ్ముకు నిజంగా పని ఉందా?

జవాబు 1 (ఓక్‌లాండ్ నుంచి)

ఉంది, కానీ అది భవనం కట్టే పని కాదు. నేను తక్కువ ఆదాయం గలవారి ఇళ్లకు నిధులు కూర్చే వృత్తిలో ఉన్నాను. ఇలాంటి భవనానికి పెట్టుబడిలో అధిక భాగం 1986 నాటి చట్టంతో వచ్చిన పన్ను రాయితీల ద్వారా, నగర, రాష్ట్ర నిధుల ద్వారా వస్తుంది. అద్దెలో కిరాయిదారు తన ఆదాయంలో 30 శాతం కడితే మిగతాది ఫెడరల్ వోచర్, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం, భరిస్తుంది. చిక్కేమిటంటే, స్థలం ఖాయమై, నక్షాలు సిద్ధమై, అనుమతులు చేతికి వస్తే తప్ప ఈ నిధులేవీ కదలవు. మట్టి పరీక్షకు, ఆర్కిటెక్టు ఫీజుకు, స్థలం బయానాకు కావలసిన తొలి సొమ్ము, ప్రాజెక్టు ఆగిపోతే తిరిగి రాని సొమ్ము, ఎవరిస్తారు? దాతలకు మొదటి పని అక్కడ ఉంది. 1991లో ఫోర్డ్, ప్యూ, రాబర్ట్ వుడ్ జాన్సన్ అనే దాతృత్వ సంస్థల ఊతంతో కార్పొరేషన్ ఫర్ సపోర్టివ్ హౌసింగ్ ఏర్పడి ఇలాంటి తొలి అప్పులనూ, ఎలా కట్టాలో, ఎలా నడపాలో అన్న అనుభవాన్నీ చిన్న సంస్థలకు అందించింది.

రెండో పని, ప్రభుత్వం ఇంకా నమ్మని పద్ధతిని ముందుగా చేసి చూపించడం. 2014లో లాస్ ఏంజెలస్ కౌంటీ ఆరోగ్యసేవల శాఖ, ఆసుపత్రులకు పదేపదే వచ్చే నిరాశ్రయుల కోసం ఇళ్లు అద్దెకు తీసుకునే ఒక ఉమ్మడి నిధిని మొదలుపెట్టినప్పుడు, హిల్టన్ హోటళ్ల స్థాపకుడి పేరిట ఉన్న ఫౌండేషన్ అందులో చేయి కలిపింది. ఆ శాఖ నివాస కార్యక్రమంలో చేరిన 890 మంది లెక్కలను రాండ్ అనే పరిశోధన సంస్థ పరిశీలించి 2017లో నివేదిక ఇచ్చింది: ఇల్లు దొరకక ముందు ఏడాదిలో ఒక్కొక్కరి మీద ప్రజాసేవలకు సగటున 38 వేల డాలర్లకు పైగా ఖర్చవుతుండగా, దొరికిన తర్వాతి ఏడాదిలో అది 15 వేల చిల్లరకు దిగింది, ఇంటి ఖర్చు కలుపుకున్నా 20 శాతం మిగిలింది. అదే ఏడాది కౌంటీ ఓటర్లు ఈ సేవల కోసం పావు శాతం అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు.

జవాబు 2 (శాక్రమెంటో నుంచి)

పై జవాబులోని మిగులు లెక్కను మరీ గట్టిగా పట్టుకోవద్దని మనవి. ఇల్లు దొరకని మరో బృందంతో పోల్చి చేసిన అధ్యయనం కాదది. అత్యంత జబ్బుగా ఉన్న ఏడాది తర్వాత ఖర్చు కొంత దానంతటదే తగ్గుతుంది. సపోర్టివ్ హౌసింగ్ వల్ల ఖర్చు ఆదా అవుతుందని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2018లో అమెరికా జాతీయ అకాడమీలు తేల్చాయి. మనిషి వీధిలో నుంచి ఇంట్లోకి వచ్చి, అక్కడే నిలదొక్కుకుంటాడన్నది మాత్రం బలంగా రుజువైంది. నా మటుకు అదే చాలు.

జవాబు 3 (లాంగ్ బీచ్ నుంచి)

ఫలకం గురించి. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు ఉంటుంది గానీ, ఆ ఫ్యాను కరెంటు బిల్లు కట్టినవారి పేరు ఎక్కడా కనబడదు. ఈ రంగం జబ్బు కూడా సరిగ్గా అదే. నేను నాలుగేళ్లు ఇలాంటి ఒక భవనంలో కేస్ మేనేజర్‌గా, అంటే కిరాయిదారుల బాగోగులు చూసే మనిషిగా, చేశాను. మా కిరాయిదారు ఒకాయన, తాళంచెవి చేతికి వచ్చిన తర్వాత కూడా నెల రోజులు కొత్త మంచం పక్కన నేల మీదే, బూట్లు విప్పకుండా పడుకునేవారు. రోజూ ఉదయం తలుపు తట్టి, కాఫీ ఇచ్చి, డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకు వెళ్లే మనిషి ఉండబట్టే ఆయన రెండో నెల బూట్లు గుమ్మం దగ్గర విడిచారు. ఆ మనిషి జీతం ఏ బాండ్లలోనూ రాదు, ఎందుకంటే బాండ్ల సొమ్ము కట్టడానికే గానీ నడపడానికి వాడకూడదు. అదే భవనంలో లిఫ్టు చెడిపోయి, మరమ్మతుకు నిల్వ నిధి లేక, చక్రాల కుర్చీలో ఉన్న ఒకావిడ మూడో అంతస్తులో ఆరు వారాలు చిక్కుకుపోయింది.

స్కిడ్ రో హౌసింగ్ ట్రస్ట్ సంగతి మన కౌంటీలోనే జరిగింది. 1989లో పుట్టిన ఆ సంస్థ, పేరున్న ఆర్కిటెక్టు మైకేల్ మాల్ట్‌జన్ చేత 102 యూనిట్ల స్టార్ అపార్ట్‌మెంట్స్ వంటి అందమైన భవనాలు కట్టించి అందరి మెప్పూ పొందింది. మరోపక్క ఇళ్లుగా మార్చిన పాత హోటల్ భవనాల నిర్వహణ ఖర్చు అద్దెల రాబడిని మించిపోయి, 2023లో దాని 29 భవనాలు కోర్టు నియమించిన రిసీవర్ (తాత్కాలిక నిర్వాహకుడు) చేతికి వెళ్లాయి. మీ 40 వేలతో భవనంలో ఒక మూల కూడా రాదు. ఒక కేస్ మేనేజర్ జీతంలో పెద్ద భాగమో, ఒక లిఫ్టు మరమ్మతు నిధో వస్తుంది. ఏ షరతూ లేకుండా నిర్వహణకు ఇవ్వండి.

జవాబు 4 (చెన్నై నుంచి)

మన దేశంలోనూ ఇలాంటిది ఉంది. జనాభాలో ప్రతి లక్ష మందికి ఒక ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పిన తర్వాత నగరాల్లో రాత్రి బస కేంద్రాలు పెరిగాయి గానీ, అక్కడి నుంచి ఇంటికి వెళ్లే మెట్టు లేదు. 1993లో ఇక్కడ మొదలైన ది బన్యన్ సంస్థ, మానసిక వ్యాధితో వీధిన పడి, ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లోనే ఉండిపోయిన మహిళలను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో ఉంచి, సహాయకులను తోడు పెడుతోంది. వంట ఏం చేయాలో వాళ్లే తేల్చుకుంటారు. ‘హోమ్ ఎగైన్’ అనే ఈ ఏర్పాటు దాతల సొమ్ముతో నిలబడి తమిళనాడు దాటి కేరళ, అస్సాంలకు వెళ్లింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి నివాసాలను ప్రభుత్వం బాధ్యతగా చెప్పినా, చేసి చూపించింది మాత్రం దాతల సొమ్మే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నీ మా వాళ్లకు చదివి వినిపించాను. ఫలకం మాట ఎత్తిన మిత్రుడే, లిఫ్టు సంగతి విన్న తర్వాత, ఏటా ఇంత చొప్పున మూడేళ్లు నిర్వహణకు ఇస్తామని రాసిద్దామన్నారు. లాంగ్ బీచ్ వారికి ఒక్క ప్రశ్న: సంస్థను ఎంచుకునే ముందు, మరమ్మతుల నిల్వ నిధి ఎంత ఉందో, ఒక్కో కేస్ మేనేజర్ చేతి కింద ఎంతమంది కిరాయిదారులున్నారో మేము నేరుగా అడిగితే తప్పుగా అనుకుంటారా?