3 మీటర్ల ఛాంబర్ ధ్రువీకరణకు ఏ యాంటెన్నాలు తీసుకోవాలి?

ప్రశ్న: మా ల్యాబ్‌లో కొత్తగా 3 మీటర్ల సెమీ అనెకోయిక్ ఛాంబర్ (గోడలు, పైకప్పు రేడియో తరంగాలను పీల్చేసే, నేల మాత్రం ప్రతిఫలించే గది) సిద్ధమైంది. పరికరాలు వెదజల్లే రేడియో ఉద్గారాల పరీక్షకు 30 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ వరకు పనిచేసే హైబ్రిడ్ యాంటెన్నా (రెండు రకాలను ఒకటిగా కలిపినది) ఉంది. అలాంటిదే ఇంకొకటి అద్దెకు తెచ్చి, ఆ జతతో సైట్ అటెన్యుయేషన్ (ఒక యాంటెన్నా నుంచి ఇంకోదానికి చేరేలోపు సిగ్నల్ ఎంత తగ్గుతుందో) కొలవవచ్చా? ఒక్కో ఫ్రీక్వెన్సీకి పొడవు సరిచేసే ట్యూన్డ్ డైపోల్సే వాడాలని ఒక పెద్దాయన పట్టుబడుతున్నారు.

మొదటి జవాబు: హైబ్రిడ్ జత వద్దండి. అది బాగా పొడవు. ఫ్రీక్వెన్సీ మారేకొద్దీ తరంగం వెలువడే చోటు యాంటెన్నా పొడవునా జరుగుతుంది కాబట్టి రెండు యాంటెన్నాల మధ్య 3 మీటర్లు అనుకున్న దూరం 3 మీటర్లుగా ఉండదు. కొలత సిద్ధాంత విలువకు ±4 డెసిబెల్స్ లోపు రావాలి. రాకపోతే లోపం గోడలదా, యాంటెన్నాదా అని తల పట్టుకోవాల్సిందే. 200 మెగాహెర్ట్జ్ వరకు బైకోనికల్ (రెండు శంకువుల ఆకారంలోది), ఆపైన లాగ్ పీరియాడిక్ (వరుసగా పొడవు తగ్గే కడ్డీలున్నది) తీసుకోండి. లాగ్ పీరియాడిక్‌లోనూ ఆ జరుగుడు ఉంటుంది కానీ తక్కువ.

పెద్దాయన మాట ఛాంబర్‌లో కాక బయలు ప్రదేశాల్లో కొలిచిన కాలం నాటిది. 30 మెగాహెర్ట్జ్ దగ్గర అర తరంగ డైపోల్ దాదాపు 5 మీటర్లు. దాన్ని 1 మీటరు ఎత్తున నిలువుగా ఎలా నిలబెడతారు? ఛాంబర్‌లో ప్రసార యాంటెన్నాను మధ్యలో, ముందు, వెనక, ఎడమ, కుడి పెట్టి, రెండేసి ఎత్తుల్లో, అడ్డంగానూ నిలువుగానూ కొలవాలి. అంటే 20 అమరికలు. అందుకే ప్రసారం వైపు చిన్న బైకోనికల్ ఉండాలి. డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ప్రశ్న: అద్దె యాంటెన్నాతో తయారీదారు ఇచ్చిన యాంటెన్నా ఫ్యాక్టర్ల (తరంగ బలానికి, యాంటెన్నా ఇచ్చే వోల్టేజీకి ఉన్న నిష్పత్తుల) పట్టిక వస్తుంది. అది చాలా?

రెండో జవాబు: చాలదు. రెండు యాంటెన్నా ఫ్యాక్టర్లూ నేరుగా లెక్కలో తీసివేస్తాం. ఒక్కోదానిలో 1 డెసిబెల్ తేడా ఒకే దిశలో ఉంటే, మీకున్న 4లో సగం ఛాంబర్‌ను కొలవకముందే ఖర్చయిపోతుంది. ఆ యాంటెన్నాకే, దాని సీరియల్ నంబరుతో, ఫ్రీ స్పేస్ (నేల, గోడల ప్రభావం లేని) ఫ్యాక్టర్ల క్యాలిబ్రేషన్ పత్రం అడగండి. ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ పరిశీలకులు వచ్చినా మొదట చూసేవాటిలో అదొకటి.

బైకోనికల్‌ను నిలువుగా పెట్టి ఒకసారి, తలకిందులు చేసి మరోసారి చదవండి. రీడింగ్ మారితే బాలన్ (కేబుల్‌ను యాంటెన్నా రెండు భుజాలకు సమంగా కలిపే భాగం) సరిగా లేదని అర్థం. ఆ యాంటెన్నా తిరిగి పంపేయండి. రెండు చివర్లలోనూ సిగ్నల్‌ను తగ్గించే 6 డెసిబెల్స్ అటెన్యుయేటర్ బిగిస్తే కేబుల్‌తో పొసగకపోవడం వల్ల వచ్చే ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి.

1 గిగాహెర్ట్జ్ పైన పరీక్ష వేరు. స్వీకరించడానికి హార్న్ (ఒకే దిశలో పనిచేసే బాకా ఆకారపు యాంటెన్నా) సరే కానీ, ప్రసారానికి చుట్టూ దాదాపు సమానంగా వెదజల్లే చిన్న యాంటెన్నా కావాలి. రెండు వైపులా హార్నే పెడితే గోడల మీదికి తరంగం సరిగా పోదు, ఛాంబర్ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఆ చిన్న యాంటెన్నా విడిగా అద్దెకు తెచ్చుకోండి.