మేసోనిక్ లాడ్జిలో కొత్త సభ్యులు జవాబులు అప్పజెప్తున్నారు, అర్థం అడిగితే మాట్లాడటం లేదు

మా మేసోనిక్ లాడ్జిలో, అంటే ఫ్రీమేసన్ల సోదర సంఘం స్థానిక శాఖలో, కొత్తవాళ్లకు నేర్పే బాధ్యత ఏడాదిగా నాది. మొదటి డిగ్రీ (సభ్యత్వంలో తొలి మెట్టు) ప్రశ్నలకు జవాబులు గడగడా అప్పజెప్తారు, ఒక్క మాట పొల్లు పోదు. అర్థం అడిగితే మాత్రం తలలు దించుకుంటారు.

పోయిన నెల 24 అంగుళాల కొలబద్ద బల్ల మీద పెట్టాను. రోజులోని 24 గంటలను దైవసేవకూ ఆపదలో ఉన్నవారికీ ఒక భాగం, వృత్తికి ఒకటి, విశ్రాంతికి ఒకటిగా పంచుకోమని చెప్పే గుర్తు అది. "నిన్నటి రోజును మీరెలా పంచుకున్నారు?" అని అడిగాను. ఐదుగురిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకతను ఆ కొలబద్దను మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు.

మొదట్లో మీటింగ్ అయ్యాక 40 నిమిషాలు లెక్చర్ ఇచ్చేవాణ్ణి, అందరి చూపూ గడియారం మీదే. 10 నిమిషాలకు తగ్గించాను. కాగితాలు పంచాను. ఒక్కొక్కరికీ ఒక సీనియర్‌ని జత చేస్తే వాళ్లూ బట్టీయే పట్టిస్తున్నారు. సోదరప్రేమ, సహాయం, సత్యం అని మా మూడు సూత్రాలను పైకి పలికితే చాలనుకోవడం నాకు మనసొప్పడం లేదు. మతం, రాజకీయాలు లాడ్జిలో ఎలాగూ చర్చించం, కాబట్టి మాటలు కలపడానికి ఆ దారీ లేదు.

రెండో డిగ్రీకి ఇంకా 6 వారాలుంది. ఒక్క గుర్తు గురించైనా కొత్త సభ్యుల చేత సొంత మాటల్లో మాట్లాడించడానికి మీ లాడ్జిలో ఏ పద్ధతి నిజంగా పనిచేసింది?